ఆట వచ్చిన మణికట్టు

నా కుర్చీలో ఇప్పుడు శైలజ అనే పిల్ల కూచుంటాండాది. మంచి పిల్ల, కదిరి దిక్కుది, కొంచెం నోరు పెద్దది. నేను రిటైరైన నాలుగో నెలలో ఫోన్ చేసి, "మేడమ్, మీ పాత ఫైళ్ళు చూస్తాండా. మణికట్టు కీలు మార్పిచ్చుకున్నోళ్ళవి. ప్రతి పేజీలోనూ 'బాగుంది', 'బాగుంది' అని రాసిండారు. ఏమి బాగుంది మేడమ్? చెయ్యా, మనిషా, ఎక్స్‌రేనా?" అని అడిగింది.

నాకు చురుక్కుమనింది. ముప్పై మూడేండ్లు ఫిజియోథెరపీ చేసినదాన్ని, నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల అట్ల అడుగుతుందా అని ఫోన్ పెట్టేసినా. పోయి టీ పెట్టుకున్నా. టీ తాగి గ్లాసు కడిగేలోపల కోపం పోయి సిగ్గు వచ్చింది. ఎందుకంటే ఆ 'బాగుంది'లల్లో ఒకటి నా బతుకులో నేను చేసిన పెద్ద తప్పు. ఆ ఫైలు ఆ పిల్ల ఇంకా తెరిచినట్టు లేదు. తెరిచేలోపల నేనే చెప్పాలనిపించి ఇది రాస్తాండా. శైలజా, ఇది నీకూ, నీ తర్వాత ఆ కుర్చీలో కూచునేటోళ్ళకూ.

మా పని

నేనెప్పుడు సీనియర్ని అయినానో, నాకు శాలువా ఎవరు కప్పినారో అవన్నీ వదిలేస్తాండా. వాటిల్లో నేర్చుకునేది ఏమీ లేదు.

మాది అనంతపురంలో ఒక మధ్యరకం ఆస్పత్రి. ఎముకల డాక్టరు ఒకాయన ఉండె, మేమంతా పెద్దసార్ అనేవాళ్ళం. కత్తి పట్టుకుంటే ఆయన చెయ్యి బంగారం. కీళ్ళవాతంతో మణికట్టు పూర్తిగా అరిగిపోయినోళ్ళకు ఆయన ఆ కీలు తీసేసి, లోహమూ ప్లాస్టిక్కూ కలిపి చేసిన కొత్త కీలు పెడతాండె. మోకాలు మారుస్తారని ఊరూరా తెలుసు గానీ మణికట్టుకూ మారుస్తారని చానామందికి తెలీదు. మా సార్ చేసినవి కూడా వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

ఆపరేషన్ అంటే రెండు మూడు గంటల పని. ఆ తర్వాత పదేళ్ళు, పదిహేనేళ్ళు ఆ చెయ్యి ఎట్ల బతుకుతాందో చూసేది మనం. కుట్లు విప్పినాక పెద్దసార్‌కు పేషెంటు ముఖం గుర్తుండేది కాదు. నిష్ఠూరానికి అనడం లేదు. ఆయన ముందర ఎప్పుడూ కొత్త ఎక్స్‌రే ఒకటి ఉండేది, పాత మనుషులంతా నా గదికి వచ్చేటోళ్ళు.

ఏడాదికొకసారి వస్తారు. కోణాల స్కేలు మణికట్టు మీద పెట్టి ఎంత వంగుతాందో కొలుస్తాం. పిడికిలి బలం చూస్తాం. "ఎట్లుండాది?" అని అడుగుతాం. "బాగుండాది" అంటారు. అయిపోయింది. మన సీమ మనిషిని ఎట్లుండావప్పా అంటే, కాలు విరిగి మంచం మీద పడున్నా, "బాగుండా" అనే అంటాడు. అది మర్యాద. ఆ మర్యాదను మనం ఫైల్లో రిజల్టు కింద రాసుకుంటాం.

లేపాక్షి దిక్కు పంతులమ్మ ఒకామె పన్నెండేండ్లైనా అదే కొత్త కీలుతో బోర్డు మీద రాస్తాండె. ఇంకొకాయనకు నాలుగో ఏడే వదులైంది. ఎవరిది నిలుస్తుంది, ఎవరిది నిలవదు అని నన్నడిగితే నాకు తెలీదు. తెలుసని చెప్పేటోళ్ళను నమ్మొద్దు. కానీ వదులయ్యేటప్పుడు చెయ్యి ముందే చెప్తుంది. ఆ మాట ఇనే చెవి మనకుండాల, అంతే.

హుసేన్‌బీ

హుసేన్‌బీది గోరంట్ల. ఆమె మొగుడు మస్తాన్ బోరు మోటార్ల మెకానిక్కు. రోడ్డు పక్కన రేకుల షెడ్డు. వందల అడుగుల లోతు నుంచి పైకి తీసిన మోటార్లు ఆడ వరసగా పడుకోబెట్టి ఉంటాయి. ఆయన విప్పుతాంటే ఈమె బేరింగులు కడిగి, తుడిచి, గ్రీజు పెట్టి అందిస్తాండె. పెండ్లైనప్పట్నుంచి అదే పని. మెకానిక్కు పెండ్లాం కాదు, ఆమే సగం మెకానిక్కు.

నా దగ్గరికి వచ్చేసరికి కీళ్ళవాతం మొదలై తొమ్మిదేండ్లు. ఎడమ మణికట్టు దానంతట అదే బిగుసుకుపోయి కట్టెయ్యి ఉండాది. కుడిది వాచి, పక్కకు ఒరిగి, ముట్టుకుంటే ఆమె కండ్లల్లో నీళ్ళు. కూడా కూతురు రిహానా, తొమ్మిదేండ్ల పిల్ల. ఆ పిల్లకు పుట్టినప్పట్నుంచి వినపడదు, మాట లేదు.

పెద్దసార్ రెండు దారులు చెప్పినాడు. "ఒకటి, ఎముకలు కలిపి అతికిచ్చేస్తా. నొప్పి పోతుంది, గట్టిగా ఉంటుంది, బతికినంత కాలం దాని జోలికి పోబల్లేదు. కానీ మణికట్టు వంగదు. రెండోది, కొత్త కీలు పెడతా. నొప్పి పోతుంది, వంగుతుంది. కానీ బరువులు ఎత్తగూడదు. ఎన్నేండ్లకో ఒకనాటికి వదులు కావొచ్చు. నన్నడిగితే నీలాంటి పనిచేసే మనిషికి మొదటిదే మంచిది."

ఆమె గుమ్మం దగ్గర నిలబడిన కూతురు దిక్కు తిరిగి, పండ్లు బిగబట్టుకోని, వాచిన చెయ్యి పైకెత్తి మణికట్టు కిందకూ పైకీ మూడుసార్లు ఆడిచ్చింది. ఆ పిల్ల ఉరుక్కుంటా వచ్చి తల్లి ఒడిలో తల పెట్టింది.

"దీనికి నా చెయ్యే నోరు సార్," అనింది హుసేన్‌బీ. "ఎడమది ఎట్లా మూగదైపోయె. ఇది కూడా వంగకపోతే నా బిడ్డతో నేనేం మాట్లాడాల?"

పెద్దసార్ కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "కొత్త కీలే పెడదాంలేమ్మా" అన్నాడు.

ఆపరేషన్ అయినాక ఆరువారాలు ఆ తల్లీబిడ్డలు నా గదిలోనే ఉన్నట్టు లెక్క. వాళ్ళ సైగలు ఏ బడిలోనూ నేర్చుకున్నవి కాదు, ఇంట్లో వాళ్ళకువాళ్ళు పుట్టిచ్చుకున్నవి. మణికట్టు పైకీ కిందకీ ఆడిస్తే 'రా'. గిర్రున తిప్పితే 'చాలు'. చెయ్యి వంచి వేళ్ళు కిందకు వేలాడేసి కదిలిస్తే 'వాన'. మణికట్టు వంచి, వేళ్ళ వెనకపక్కతో బిడ్డ చెంప నిమిరితే 'భయం లేదులే'. నాకూ ఒక పేరు పెట్టినారు: మణికట్టు మీద రెండువేళ్ళు కత్తెర మాదిరి తెరిస్తే నేను. నా కోణాల స్కేలు అది.

కట్టు విప్పిన మూడో వారంలో హుసేన్‌బీ మొదటిసారి నొప్పి లేకుండా 'వాన' అనింది. రిహానా కిటికీ దగ్గరికి ఉరికి ఆకాశం చూసింది. ఒక్క మబ్బు లేదు. వెనక్కి తిరిగి తల్లిని చూసి నడుంమీద చేతులు పెట్టుకుని నిలబడింది. మేమందరం పడీపడీ నవ్వినాం. నా ఉద్యోగంలో అంత మంచి రోజు ఇంకోటి లేదు.

ఆడుతాండాది

ఇప్పుడు నా గురించి ఒక మాట చెప్పాల, లేకపోతే తప్పు ఎట్ల జరిగిందో అర్థం కాదు. నేను ధర్మవరం మగ్గాల ఇంట్లో పుట్టినదాన్ని. మా నాయన పట్టుచీరలు నేసేవాడు. బడికి పోయేముందు నేను కండెలు చుట్టి పెట్టాల. మా వీధిలో ఎవరైనా ఎదురైతే బాగుండావా అని అడగరు. "ఏమప్పా, మగ్గం ఆడుతాందా?" అని అడుగుతారు. ఆడుతాంది అంటే ఇంట్లో అందరూ బాగుండారని. మా నాయన జబ్బు పడి లేచి మళ్ళీ మగ్గంలో కాలు పెట్టిననాడు మా అమ్మ వీధి గుమ్మంలో నిలబడి, "మాది ఆడుతాండాది వదినా!" అని ఎదురింటామెకు కేకేసి చెప్పింది. నా చెవుల్లో ఆ మాటకున్న అర్థం అది.

నాలుగో ఏడు చెకప్‌కు హుసేన్‌బీ ఒక్కతే బస్సులో వచ్చింది. ఎండకు ముఖమంతా ఎర్రగా ఉండాది.

"ఎట్లుండాది హుసేన్‌బీ?"

"చేతిలో ఆట వచ్చిండాది అక్కా. ఈ మధ్య బాగా ఆడుతాండాది."

నాకు గుండె నిండిపోయింది. మా అమ్మ గుమ్మంలో నిలబడి అన్నట్టే వినపడింది. స్కేలు పెట్టి కొలిస్తే పోయినేటికన్నా ఎక్కువే వంగింది. "చూస్తివా! ఎంత బాగొచ్చిందో!" అని ఆమె రెండుచేతులూ పట్టుకుని నవ్వినా. ఆమె నా ముఖం దిక్కు ఒక గడియ చూసింది. ఆ చూపు ఇప్పటికీ నాకు గుర్తుండాది. తర్వాత ఆమె కూడా నవ్వింది.

ఎక్స్‌రే దగ్గర జనం చానా ఉండారు, ఆమెకు బస్సు టైమైతాండాది. "బాగుండేదానికి ఎక్స్‌రే యాలమ్మా, వచ్చే ఏడు చూద్దాంలే" అని నేనే పంపిచ్చినా. ఫైల్లో రాసినా: చెయ్యి బాగా ఆడుతోందని పేషెంటు చెప్పింది. బాగుంది. పెద్దసార్ సాయంత్రం సంతకం పెట్టినాడు.

తర్వాతి ఏడు ఆమె రాలేదు. రాలేదంటే బాగున్నట్టే అనుకుంటాం మనం. ఎంత సుఖమైన అబద్ధమో చూడు.

నల్లగీత

ఆ పై ఏడు మస్తాన్ ఆమెనూ రిహానానూ తీసుకొచ్చినాడు. చెయ్యి తుండుగుడ్డతో మెడకు కట్టుకోనుండాది. గుడ్డ విప్పి మణికట్టు పట్టుకుంటే నా వేళ్ళకింద లోపల ఏదో కటుక్కుమని కదిలింది.

ఎక్స్‌రేలో, ఎముకలోకి దిగిన కొత్త కీలు కాడ చుట్టూ నల్లగా గీత. లోహానికీ ఎముకకూ మధ్య సందు వచ్చిందని దాని అర్థం. సందులో కీలు అటూఇటూ కదిలీ కదిలీ లోపలి ఎముకను తినేసింది.

"ఎప్పట్నుంచి ఇట్ల?" అని అడిగినాడు పెద్దసార్.

"రెండేండ్లాయె సార్. అక్కకు చెప్పినా కదా, ఆట వచ్చిందని."

ఫైలు సార్ చేతిలో ఉండాది. నా రాత ఆయన చదువుతాండాడు.

మస్తాన్ మెల్లగా చెప్పినాడు. "మేడమ్, బేరింగు అరిగి వదులై కదులుతాంటే ఆట వచ్చిందంటాం, వెంటనే మోటారు ఆపేస్తాం. ఆట అంటే మాకు భయం మాట. ఇది ఇంటికొచ్చి, 'మేడమ్ నవ్వినారు, మంచిదేనంట' అనింది. సరే, చదువుకున్నోళ్ళు, మనుషుల బేరింగు వేరే లెక్కేమోలే అనుకుంటి."

ఆయన గొంతులో కోపం లేదు. ఉండింటే బాగుండు.

"బిందెలెత్తినావా?" అని అడిగినాడు సార్.

"ఎత్తినా సార్. ట్యాంకరొచ్చినప్పుడు ఎత్తకుండా ఎట్లుంటా? నీళ్ళు నాకోసం ఆగుతాయా?"

సార్ ఫైలు మూసి నా దిక్కు చూసినాడు. అరుస్తాడనుకున్నా. చిన్న తప్పులకు ఆస్పత్రి అదిరిపోయేట్టు అరిచే మనిషి. కానీ, "నువ్వు రాసినావు, నేను చదవకుండా సంతకం పెట్టినా" అన్నాడు అంతే. ఆయన మీద నాకు నూరు ఫిర్యాదులున్నాయి, కానీ ఆ ఒక్క మాటకు ఇప్పటికీ ఆయనకు దండం పెడతా. రెండేండ్ల ముందు తెలిసింటే ఎముక ఇంకా ఉండేది, ఇంకో కీలు పెట్టి చూసేవాళ్ళం. ఇప్పుడు అది తీసేసి, నడుం దగ్గర ఎముక తెచ్చి నింపి, లోహపు పలక వేసి అతికిచ్చేయడమే. మణికట్టు ఇంక వంగదు. ఏ దారి వద్దని ఆమె ఆరేండ్ల ముందు చెప్పిందో అదే దారి.

హుసేన్‌బీ ఏడ్వలేదు. "రేపు చెయ్యండి సార్. ఈ పొద్దు నాకు పని ఉండాది" అనింది.

ఆ పని ఏమో మధ్యాన్నం తెలిసింది. వరండాలో బెంచీ మీద తల్లీకూతుర్లు ఎదురెదురుగా కూచున్నారు. రిహానాకు అప్పుడు పదైదేండ్లు. తల్లి ఆ కటకటలాడే చేత్తో ఒక్కొక్క సైగా చేస్తాండాది. రా. చాలు. వాన. బియ్యం. నాయన. స్కేలు మేడమ్. ప్రతి వంపుకూ ముఖం ముడుచుకుపోతాండాది, అయినా ఆపలేదు. ఆ పిల్ల కన్ను ఆర్పకుండా చూస్తాండాది. చివరకు హుసేన్‌బీ చెయ్యి వంచి వేళ్ళ వెనకపక్కతో కూతురి చెంప నిమిరింది. ఆ పిల్ల ఆ చేతిని పట్టుకోని అట్లనే ఉండిపోయింది. నేను కిటికీ దగ్గర నిలబడి వెక్కి వెక్కి ఏడ్చినా.

ఆపరేషనైన మూడోరోజు వార్డుకు పోయి ఆమె మంచం పక్కన కూచున్నా. "తప్పు నాదే హుసేన్‌బీ" అన్నా.

"నీదే అక్కా. కాకపోతే ఎవురిది?" అనింది. తర్వాత, "ఆ చెంబు ఇట్లియ్యి, దప్పికైతాండాది" అనింది. నేను నీళ్ళు తాపినా. ఆమె నన్ను క్షమిచ్చిందో లేదో నాకు తెలీదు, నేను అడగలేదు. మనం చేసిన తప్పుకు వాళ్ళచేత మనల్ని ఓదార్పిచ్చుకోవడం ఇంకో తప్పు శైలజా. అది మాత్రం చెయ్యొద్దు.

ఆ తర్వాత

ఆనాటి నుంచి 'ఎట్లుండాది' అనే మాట నా గదిలో మానేసినా. "పొద్దున లేచినాక ఈ చేత్తో మొదట ఏం చేస్తివి? చెయ్యి, చూస్తా" అనేదాన్ని. బీరువాలో తాళంచెవి, చిన్న బిందె, రొట్టె తట్టే పీట పెట్టుకున్నా. నర్సులు నవ్వినారు, మేడమ్ సంసారం పెట్టిందని. పెట్టనీ.

రెండోది, పేషెంటు మాటను నా మాటగా మార్చి రాయడం మానేసినా. ఆ మనిషి ఏ పని చేస్తాడో ఆ పనిలో ఆ మాటకు అర్థమేమో అడిగేదాన్ని. గుంతకల్లు నుంచి రైల్వే ఆయన ఒకాయన వచ్చి, "చెయ్యి లూప్‌లైన్లో పడిండాది మేడమ్" అన్నాడు. అంటే ఏమప్పా అని అడిగితే నన్ను చూసి జాలిపడి, "పక్క పట్టాల మీద ఆపిన బండి మేడమ్, పోతుంది. అందరూ పోయినాక పోతుంది" అని చెప్పినాడు. చెయ్యి పనిచేస్తాండాది గానీ ఆలస్యంగా పనిచేస్తాండాదని. నరం నొక్కుకుపోయింది ఆయనకు. అడగకపోతే నేనేం రాసేదాన్నో దేవుడికే తెలియాల.

మూడోది, బాగున్నోళ్ళకు కూడా ఏటేటా ఎక్స్‌రే తీపిచ్చు. రానోళ్ళకు ఫోన్ చెయ్యి. అంతకన్నా నాకు తెలిసింది లేదు.

గోరంట్ల

నువ్వు ఫోన్ చేసిన వారానికి నేను గోరంట్ల బస్సెక్కినా. ఆపరేషనైన మొదటి రెండేండ్లు హుసేన్‌బీ చెకప్‌కు వచ్చింది, తర్వాత మానేసింది. ఫోన్ చేస్తే మస్తాన్ ఎత్తి "నొప్పి లేదు మేడమ్" అనేవాడు. నేనే పోయి చూసింది ఎప్పుడూ లేదు. నీకు బుద్ధులు చెప్పే ముందు ఆ పని చెయ్యాల కదా.

రోడ్డుకు ఈపక్క బస్సు దిగినా. ఆపక్క అదే రేకుల షెడ్డు. సగంలో మోటార్లు, సగంలో కుట్టుమిషన్. మిషన్ దగ్గర రిహానా. పెద్దదైపోయింది, ఎత్తు మనిషి. తలెత్తి నన్ను చూసి, మొదట మణికట్టు మీద రెండువేళ్ళు కత్తెర మాదిరి తెరిచింది. నేను. తర్వాత 'రా' అనింది.

ఆ పిల్ల మణికట్టు వంగలేదు. చెయ్యి కట్టె మాదిరి బిగుసుకోని, మోచేతి దగ్గర నుంచి మొత్తం పైకీ కిందకీ లేస్తాండాది. తల్లి రోగం బిడ్డకు వచ్చింది అనుకున్నా. లారీలు కూడా చూసుకోకుండా రోడ్డు దాటి, పలకరింపు లేదు పాడు లేదు, ఆ పిల్ల కుడిచెయ్యి పట్టుకున్నా. వాపు లేదు. వేడి లేదు. వంచినా. సులువుగా పూర్తిగా వంగింది. ఇంకోవైపు వంచినా. వంగింది. ఎడమచెయ్యి చూసినా. అదీ అంతే. నాకు ఏమీ అర్థం కాలేదు.

వెనకనుంచి హుసేన్‌బీ నవ్వు వినపడింది. "దానికి ఏ రోగమూ లేదక్కా. కూచో ముందు, ఆయాసపడతాండావు."

"మరి వంచదేమి?"

"నా చెయ్యి బిగుసుకుపోయి ఇంటికొచ్చినాక నేను దాన్ని ఎట్ల పిలవాలో తెలీక మూలన కూచుంటి. అది వచ్చి నా ఎదురుగా కూచోని, తన చెయ్యి ఇట్ల కట్టె మాదిరి పెట్టి 'రా' అనింది. రెండుమూడు దినాలు కూచోని అన్ని మాటలూ మళ్ళీ కట్టింది. ఒక్క మాటకూ మణికట్టు వంచే పని లేకుండా. వాళ్ళ నాయనకు నేర్పిచ్చింది, పక్కింటోళ్ళకు నేర్పిచ్చింది. నువ్వన్నా బాగా వంచవే అంటే ఇనదు. నాదొకటీ దానిదొకటీ ఎందుకంట."

మోటారు దగ్గర కూచున్న మస్తాన్ నాకు మంచినీళ్ళు తెమ్మని కూతురికి సైగ చేసినాడు. ఆయన చెయ్యి కూడా వంగలేదు.

నాకు కండ్లల్లో నీళ్ళు ఆగలేదు. రిహానా నీళ్ళగ్లాసు నా చేతికిచ్చి, నా ముఖం చూసి, తన చెయ్యి తిన్నగా పెట్టి వేళ్ళ వెనకపక్కతో నా చెంప తాకింది. చెయ్యి వంచకుండా అట్ల తాకాలంటే మోచెయ్యి చానా పైకెత్తాల. ఎత్తింది.

శైలజా, ఆ ఫైలు కింది అరలో ఉండాది. చివరి పేజీలో నా పేరుతో ఇది రాసి పెట్టు. 'బాగుంది' అని మాత్రం రాయొద్దు. ఇట్ల రాయి: పేషెంటు మణికట్టు వంగదు. నొప్పి లేదు. కూతురు కూడా వంచడం మానేసింది.